ఎంహెచ్‌ఎం, ఎంబీఏ, ఎంపీహెచ్: ఆసుపత్రి పాలన చదవదలచిన గోదావరి డెల్టా వారికి ఒక పోలిక

డిగ్రీ ఫలితాలు వెలువడిన వారం పది రోజులకు అమలాపురం, పాలకొల్లు, తణుకు వైపుల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. అడిగే మాట ఏటా ఒకటే: "హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో పీజీ చేద్దామనుకుంటున్నానండీ, ఏ కాలేజీ మంచిది?" బీఎస్సీ చదివినవారు, బీఫార్మసీ పూర్తి చేసినవారు, ఆరేడేళ్లుగా వార్డులో పనిచేస్తున్న నర్సులు, క్లినిక్ పెట్టి రెండేళ్లకే విసిగిన దంతవైద్యులు, తండ్రి కట్టిన నర్సింగ్ హోమ్‌ను రేపోమాపో చేతిలోకి తీసుకోవలసిన ఎంబీబీఎస్ పిల్లలు, అందరూ ఈ ప్రశ్నతోనే వస్తారు. వారందరికీ ఒకే జవాబు చెప్పడం కుదరదు, ఎందుకంటే కాలేజీ అన్నది చివర తేల్చుకోవలసిన సంగతి. చదువు పూర్తయ్యాక ఏ బల్ల ముందు కూర్చోవాలనుకుంటున్నారో ముందు తేలితే, ఏ డిగ్రీ చదవాలన్నది దాని వెంటే తేలుతుంది, కాలేజీ ఆ తర్వాత వస్తుంది. ఈ డెల్టాలోని ప్రైవేటు ఆసుపత్రుల పరిపాలన విభాగాల్లో 14 ఏళ్లుగా పనిచేస్తున్న అనుభవంతో ఆ వరుసలోనే ఇక్కడ పోలుస్తాను.

పని ఎలా ఉంటుంది

ఉదయం 10 గంటల రౌండ్స్‌లో డాక్టరుగారు పేషెంటు భుజం తట్టి "ఇంక ఇంటికి వెళ్లిపోవచ్చు" అంటారు. 11 కల్లా బంధువులు ఫ్లాస్కు, దుప్పట్లు సంచిలో సర్దుకుని మంచం అంచున కూర్చుంటారు, కింద కారు వెయిటింగ్‌లో ఉంటుంది. వారు గేటు దాటేసరికి సాయంత్రం 5 అవుతుంది. ఈ ఆరేడు గంటల్లో డ్యూటీ డాక్టరు డిశ్చార్జ్ సమ్మరీ రాయాలి, వార్డులో మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లి బిల్లులో తగ్గాలి, చివరి ల్యాబ్ రిపోర్టు కేస్ షీట్‌లో చేరాలి, బీమా ఉన్నవారైతే టీపీఏ, అంటే బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ, నుంచి తుది అనుమతి రావాలి. టీపీఏ వారు ఒక క్వెరీ వేసి వివరణ అడిగితే దానికి పెద్ద డాక్టరుగారి సంతకం కావాలి, ఆయన అప్పటికే ఆపరేషన్ థియేటర్లో ఉంటారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఎవరి పని వారు చేస్తూనే ఉన్నారు. పనుల వరుస మాత్రం ఎవరూ పెట్టలేదు. ఆసుపత్రి పాలన అంటే, అందులో సగమైనా, ఈ వరుస పెట్టడమే. ముందు రోజు సాయంత్రమే సమ్మరీ సిద్ధం చేయించడం, మందుల వాపసును రాత్రి షిఫ్టులోనే ముగించడం వంటి చిన్న మార్పులతో సాయంత్రం 5కు జరిగే ఆ డిశ్చార్జ్‌ను మధ్యాహ్నం 1కి తేవచ్చు.

దీని వెనుక ఒక లెక్క ఉంది. 100 పడకల ఆసుపత్రి అనుకుందాం. 30 రోజుల నెలకు 3,000 పడక-రోజులు చేతిలో ఉంటాయి. వాటిలో 2,250 నిండితే ఆక్యుపెన్సీ 75 శాతం. ఆ నెల 450 మంది డిశ్చార్జ్ అయ్యారంటే ఒక్కొక్కరు సగటున 5 రోజులు ఉన్నట్టు. ఆ సగటు నాలుగున్నర రోజులకు దిగితే, కొత్త పడక ఒక్కటీ వేయకుండా, అవే 2,250 పడక-రోజుల్లో 500 మందికి వైద్యం అందుతుంది. ఈ లెక్క చదవగానే మీకు ఆసక్తి కలిగిందా, విసుగు పుట్టిందా అన్నది గమనించుకోండి. విసుగు పుట్టినవారు ఇంకో రంగం చూసుకోవడం మంచిదని మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఎందుకంటే ఈ ఉద్యోగంలో రోజూ ఇవే లెక్కలు, పైగా వాటిని కోపంగా ఉన్న బంధువుల ఎదుట నిలబడి చేయాలి.

ఒకే పాముకాటు, మూడు చదువులు

డిగ్రీల పేర్లు చాలా ఉన్నా అవి మూడు గోత్రాలవి. ఆసుపత్రి నిర్వహణనే ప్రధానంగా చెప్పేవి ఎంహెచ్‌ఏ (మాస్టర్ ఆఫ్ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్), ఎంహెచ్‌ఎం (మాస్టర్ ఆఫ్ హాస్పిటల్ మేనేజ్‌మెంట్). వ్యాపార నిర్వహణ మీద వైద్యరంగాన్ని ప్రత్యేకాంశంగా చేర్చినవి ఎంబీఏ, పీజీడీఎం (మేనేజ్‌మెంట్‌లో పీజీ డిప్లొమా). ప్రజారోగ్యాన్ని చెప్పేది ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్). సిలబస్ పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే సగం పాఠాలు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, మన దగ్గర ఏటా ఎదురయ్యే ఒక సమస్యను ముగ్గురి చేతికీ ఇచ్చి చూద్దాం.

సార్వా నాట్ల రోజుల్లో, గోదావరి పోటెత్తి పాములు గట్ల మీదికి చేరే రోజుల్లో, పాముకాటు కేసులు పెరుగుతాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు ఇంజక్షన్ వాడతారు, ఒంటికి విషమెక్కిన పెద్దవారికి మొదటి విడతగానే సుమారు 10 వయల్స్ (చిన్న మందు సీసాలు) పడతాయి. రాత్రి 11 గంటలకు క్యాజువాలిటీలో 4 వయల్స్ మాత్రమే ఉన్నాయని తెలిసింది అనుకుందాం.

ఎంహెచ్‌ఎం చదివినవారి చూపు ముందు స్టోర్స్ రిజిస్టరు మీద పడుతుంది. మందులను ఖర్చును బట్టి ఏ, బీ, సీ అని విడదీసే పద్ధతి ఒకటుంది, ఏడాది మందుల ఖర్చులో సుమారు 70 శాతం తినే కొద్దిపాటి మందులు అందులో మొదటి వర్గం. ప్రాణావసరాన్ని బట్టి విడదీసే పద్ధతి మరొకటి, అందులో లేకపోతే ప్రాణం పోయేవి ఒక వర్గం, అవసరమైనవి ఒక వర్గం, ఉంటే మంచివి ఒక వర్గం. పాముకాటు మందు ఖర్చు లెక్కలో అడుగున ఉండి, ప్రాణం లెక్కలో పైన ఉంటుంది. ఖర్చు పట్టిక ఒక్కటే చూసి ఇండెంట్ (కావలసిన మందుల జాబితా) పెట్టే స్టోర్ కీపర్ దాన్ని సహజంగానే మరిచిపోతాడు. దీనికి కనీస నిల్వ ఇంత అని గోడ మీద రాయించడం, వానాకాలానికి ముందే ఆ అంకెను పెంచడం, ద్రవరూపంలో వచ్చే వయల్స్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచే ఫ్రిజ్‌కు జనరేటర్ లైను ఉందో లేదో చూడడం వీరి పని.

ఎంబీఏ చదివినవారు కూడా స్టోర్స్‌కే వెళ్తారు కానీ వారి ప్రశ్న వేరు. సరఫరాదారు ఒక్కడేనా, ఇద్దరున్నారా, గడువు తీరిన వయల్స్‌ను వాపసు తీసుకునే షరతు ఉందా, మందుల నిల్వలో ఎంత డబ్బు ఇరుక్కుని ఉంది, ఊళ్లోని మరో రెండు ఆసుపత్రులతో కలిసి కొంటే ధర తగ్గుతుందా అని లెక్క వేస్తారు. పది శాఖలున్న కార్పొరేట్ ఆసుపత్రికి ఈ చూపు ఎంతో విలువైనది. ముప్పై పడకల నర్సింగ్ హోమ్‌లో దీనికి అంత పని దొరకదు.

ఎంపీహెచ్ చదివినవారు అసలు ఆసుపత్రి గేటు దాటి బయటికి చూస్తారు. ఈ పేషెంటు ఏ లంక గ్రామం నుంచి వచ్చాడు, కాటు పడ్డాక ఎన్ని గంటలకు చేరాడు, మధ్యలో మంత్రం వేయించుకోవడానికి ఎంతసేపు ఆగాడు, దారిలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఉండి కూడా ఎందుకు పైకి పంపారు అని అడుగుతారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 13.75 అడుగులు తాకి రెండో ప్రమాద హెచ్చరిక వెలువడితే, లంకల్లో వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ కావలసినవారు, నెలలు నిండిన గర్భిణులు ఎవరెవరో జాబితా తీసి, రేవు మునగకముందే వారిని పట్నం చేర్చడం ఎలాగన్నది వీరికి చదువులోనే భాగం. అంటురోగ శాస్త్రం, జీవగణాంకాలు, ఆరోగ్య అర్థశాస్త్రం ఈ డిగ్రీలో ప్రధాన పాఠాలు. అంకెలంటే భయం ఉన్నవారికి ఇది మూడింటిలోకీ కష్టమైన చదువు.

ఈ ముగ్గురిలో ఎవరి ప్రశ్న మీకు ముందుగా తోచిందో ఆ డిగ్రీ మీది. ఇది కొంత మోటు కొలతే అయినా, ఫోన్ చేసినవారి మీద వాడి చూసినంతలో ఇది పెద్దగా తప్పలేదు.

ఉద్యోగం ఎక్కడ, పైకప్పు ఎంత ఎత్తు

ఎంహెచ్‌ఎం వారికి మొదటి ఉద్యోగం సాధారణంగా ప్రైవేటు ఆసుపత్రిలో, ఆపరేషన్స్ విభాగంలో గాని, నాణ్యతా విభాగంలో గాని, బీమా డెస్కులో గాని దొరుకుతుంది. నాణ్యత అంటే ఇక్కడ ముఖ్యంగా ఎన్‌ఏబీహెచ్ అనే జాతీయ బోర్డు ఆసుపత్రి ప్రమాణాలను తనిఖీ చేసి ఇచ్చే గుర్తింపు పని. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద పనిచేసే ఈ బోర్డు 50 పడకల లోపు చిన్న ఆసుపత్రులకు వేరే ప్రమాణాలు పెట్టింది. మన పట్టణాల్లోని నర్సింగ్ హోములు ఎక్కువగా ఆ కొలతలోకే వస్తాయి కాబట్టి ఆ పని తెలిసినవారిని ఇప్పుడు వెతుక్కుంటున్నారు. బయోమెడికల్ వ్యర్థాలను 2016 నాటి నియమాల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో వేరుచేయించడం, 48 గంటలు దాటకుండా పంపించడం వంటివి చిన్నవిగా కనిపించినా, తనిఖీ రోజు ఆసుపత్రి పరువు వాటి మీదే నిలబడుతుంది.

బీమా డెస్కు గురించి కొంచెం ఆగి చెప్పాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ప్రభుత్వాలతో పాటు పేర్లు మారుతూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం మన ఆసుపత్రుల ఆదాయంలో పెద్ద భాగం. దీనికి ముందస్తు అనుమతి, చికిత్స ఫొటోలు, డిశ్చార్జ్ తర్వాత క్లెయిమ్, ఆపైన క్వెరీ, కోత అనే క్రమం ఉంది. ఒక్క రిపోర్టు జతచేయడం మరిచిపోతే చేసిన వైద్యానికి డబ్బు రాదు. కౌంటర్లో పథకం తరఫున కూర్చునే ఆరోగ్యమిత్రతో, వార్డులోని డ్యూటీ డాక్టరుతో, అకౌంట్స్ వారితో ఒకేసారి మాట్లాడగల మనిషికి ఈ డెల్టాలో ఏ ఆసుపత్రిలోనైనా ఉద్యోగం ఉంటుంది. నేను చూసిన సిలబస్‌లలో ఆరోగ్య బీమా అనే పాఠం అమెరికా పద్ధతుల చరిత్రతో మొదలై అక్కడే ముగిసిపోతుంది, మన పథకం ఊసు ఒక పేజీకి మించి కనిపించదు. కాలేజీని ఎంచుకునేటప్పుడు దీన్ని అడిగి తెలుసుకోండి.

ఎంపీహెచ్ వారికి జిల్లా స్థాయిలో జాతీయ ఆరోగ్య మిషన్ కార్యక్రమాలు, పరిశోధన సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు దారి చూపుతాయి. పని తృప్తినిస్తుంది కానీ మిషన్ పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువి అన్న సంగతి ఇంట్లో పెద్దలకు ముందే చెప్పి ఉంచడం మంచిది, పెళ్లి సంబంధాల వేళ "పర్మనెంటేనా?" అన్న ప్రశ్న తప్పదు మరి. ఇంకొక నిజం కూడా చెప్పుకోవాలి. కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి) వంటి బోధనాసుపత్రిలో గాని, జిల్లా ఆసుపత్రిలో గాని సూపరింటెండెంట్ పదవి వైద్యులదే. డాక్టరు కానివారు ఎంత చదివినా ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ కుర్చీకి చేరరు. ప్రైవేటులో అలాంటి గీత లేదు, కానీ మన ఊళ్ల నర్సింగ్ హోముల్లో ఇంకో గీత ఉంది. మేనేజరు కుర్చీ చాలాచోట్ల డాక్టరుగారి బావమరిదిది. చదివిన మనిషి అక్కడ ఎంత బాగా పనిచేసినా రెండో కుర్చీలోనే ఆగిపోవచ్చు, అందుకే మొదటి నాలుగైదేళ్లు విశాఖలోనో హైదరాబాద్‌లోనో పెద్ద ఆసుపత్రిలో గడిపి, ఆ పేరుతో తిరిగి రావడమే మేలని నా అభిప్రాయం.

ఎవరికి ఏ దారి

ఎంబీబీఎస్ చదివినవారికి తలుపులు ఎక్కువ. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎండీ వైద్య విద్యలో గుర్తింపు ఉన్న పీజీయే, నీట్ పీజీ రాసేవారు దాన్ని జాబితా అడుగున వదిలేస్తుంటారు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ విభాగం దేశంలో ఈ చదువుకు పెద్ద పేరున్న చోటు, అక్కడి పీజీ వైద్యులకే. పెద్ద ప్రభుత్వాసుపత్రులను, వైద్య కళాశాలలను నడపాలనుకునేవారికి ఇదే సరైన దారి. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరులలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాక, వైద్యం చేయడంతో పాటు ఆసుపత్రిని నడపడం కూడా తెలిసిన డాక్టర్ల అవసరం మన పక్కనే పెరిగింది. సొంత నర్సింగ్ హోమ్ ఉన్నవారి సంగతి వేరు. రోగుల్ని వదిలి రెండేళ్లు ఎక్కడికో వెళ్లి చదవడం వారికి దండగ. రోగుల్ని చూస్తూనే చేసే దూరవిద్యా డిప్లొమా, లేదా ఒక మంచి మేనేజరుకు ఇచ్చే మంచి జీతం, ఈ రెంటిలో ఏదో ఒకటి చాలు.

నర్సుల విషయంలో నేను ఎక్కువసేపు ఆలోచిస్తాను, ఎందుకంటే వారు తప్పు ఎంపిక చేసుకుంటే నష్టపోయేది ఎక్కువ. బీఎస్సీ నర్సింగ్ చేసి ఆరేళ్లు ఐసీయూలో పనిచేసిన అమ్మాయి ముందు రెండు దారులు ఉంటాయి. ఎమ్మెస్సీ నర్సింగ్ చేస్తే బోధనలోకి గాని, నర్సింగ్ సోపానంలో పైకి గాని వెళ్లవచ్చు. ఎంహెచ్‌ఎం చేస్తే నర్సింగ్ గీత దాటి మొత్తం ఆసుపత్రి వైపు వెళ్లవచ్చు. ప్రభుత్వ ఉద్యోగం వచ్చే అవకాశం ఉన్నవారు మొదటిదాన్నే పట్టుకోవాలి. ప్రైవేటులోనే ఉండిపోతామనుకునేవారికి మాత్రం, నేను చూసిన నాణ్యతా విభాగపు అధికారుల్లో మెరుగైనవారు మాజీ నర్సులేనని చెబుతాను. కేస్ షీట్‌లో ఏ గంటకు ఏం రాయకుండా వదిలేశారో వారి కంటికి ఇట్టే పడుతుంది, అది ఎంబీఏ క్లాసులో నేర్పేది కాదు.

బీకాం, బీబీఏ చదివినవారు ఎంబీఏ వైపు మొగ్గడం సహజం. వైద్యరంగం నచ్చకపోతే బ్యాంకుకో బీమా కంపెనీకో మారే వెసులుబాటు ఆ డిగ్రీలో ఉంది, ఎంహెచ్‌ఎంలో అది బాగా తక్కువ. దంతవైద్యులు, ఫిజియోథెరపిస్టులు, ఫార్మసీ వారు మూడు డిగ్రీల్లో ఎటైనా రాణించగలరు. వారికి నేను చెప్పేది ఒక్కటే, క్లినిక్ నడవలేదన్న కోపంతో ఈ చదువులోకి రావద్దు.

చదివే చోటు

హైదరాబాద్‌లోనే మూడు రకాలూ ఉన్నాయి. పంజగుట్ట నిమ్స్‌లో ఎంహెచ్‌ఎం ఉంది, వైద్యులు కానివారూ చేరవచ్చు. పక్కనే పెద్ద ప్రభుత్వరంగ ఆసుపత్రి నడుస్తుండగా చదవడం దాని బలం. ఉస్మానియా విశ్వవిద్యాలయం గుర్తింపుతో అపోలో వారి సంస్థలో నడిచే ఎంహెచ్‌ఎంలో కార్పొరేట్ పద్ధతి దగ్గరగా కనిపిస్తుంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో హెల్త్‌కేర్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ ఉంది, అది కేంద్రీయ విశ్వవిద్యాలయం కాబట్టి స్థానికత గొడవ లేదు. మిగతా తెలంగాణ కాలేజీల విషయంలో ఆ గొడవ ఉంది. రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రవేశాలకు 2014 విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది కాబట్టి, గోదావరి జిల్లాల విద్యార్థులు దరఖాస్తుకు ముందే స్థానికత నిబంధన చదవాలి. అన్నయ్య పదేళ్ల కిందట ఎలా చేరాడన్నది ఇప్పుడు అక్కరకు రాదు.

రాష్ట్రాలు దాటగలిగినవారికి ముంబయి టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ)లోని ఎంహెచ్‌ఏ, 1984లో మొదలైన జైపూర్ ఆరోగ్య నిర్వహణ సంస్థ ఐఐహెచ్‌ఎంఆర్‌లోని ఎంబీఏ దేశమంతా చెల్లే పేర్లు. ప్రజారోగ్యానికైతే 1997 నుంచి ఎంపీహెచ్ నడుపుతున్న తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థ, 2008లో మొదలైన హైదరాబాద్ ప్రజారోగ్య సంస్థ ఐఐపీహెచ్ ముందు చూడదగినవి.

ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం పరిసరాల్లోని ఎంబీఏ కాలేజీలో చేరి, హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌ను ఐచ్ఛికంగా తీసుకునే దారి చవకైనది, ఇంటికి దగ్గర. కానీ రెండేళ్లలో రెండు మూడు ఐచ్ఛిక పేపర్లు చదివినంత మాత్రాన అది ఆసుపత్రి చదువు అవదు. దాన్ని మామూలు ఎంబీఏగానే లెక్కేసుకుని, వేసవిలోనూ చివరి సెమిస్టరులోనూ ఆసుపత్రి పనిని సొంతంగా వెతుక్కునే పట్టుదల ఉంటేనే ఆ దారి పట్టండి. రాజానగరంలో, అమలాపురంలో, ఏలూరులో ప్రైవేటు వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి, కాకినాడలో 1958 నాటి రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా జీజీహెచ్ ఉంది. అడిగి తలుపు తట్టేవారికి పని నేర్చుకునే చోటు దూరం కాదు.

దూరవిద్యలో ఇగ్నోవారి హాస్పిటల్, హెల్త్ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమా, ఢిల్లీలోని జాతీయ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ సంస్థ డిప్లొమాలు పాత పేర్లు. ఆన్‌లైన్ ఎంబీఏలు ఇప్పుడు వీధికొకటి వచ్చాయి, వాటిలో చేరే ముందు యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఆ విశ్వవిద్యాలయం పేరు, ఆ కోర్సు పేరు, ఆ సంవత్సరం మూడూ ఉన్నాయో లేదో చూడాలి. ఇప్పటికే ఆసుపత్రిలో కుర్చీ ఉన్నవారికి దూరవిద్య నిజంగా పనికొస్తుంది, రాత్రి చదివినది పొద్దున్న వార్డులో కనిపిస్తుంది. కుర్చీ లేనివారికి అది కుర్చీని తెచ్చిపెట్టదు.

విదేశాల గురించి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో ఎంహెచ్‌ఏకు కాహ్మీ, ఎంపీహెచ్‌కు సెఫ్ అనే అక్కడి సంస్థల గుర్తింపు ఉందా అన్నది చూడాలి. అక్కడి పాఠాలు అక్కడి బీమా వ్యవస్థ చుట్టూ తిరుగుతాయి కాబట్టి తిరిగి వచ్చి ఇక్కడ ఆసుపత్రి నడపాలనుకునేవారికి ఆ ఖర్చు గిట్టుబాటు కాదు. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి తరగతి పాఠాల మాస్టర్స్ చదివేవారు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లే వీలు లేదు. పెళ్లైన నర్సులు దీన్ని తెలుసుకోకుండా కన్సల్టెన్సీకి డబ్బు కట్టేస్తున్నారు.

అప్పు లెక్క

రూ.8 లక్షల విద్యారుణం 10 శాతం వడ్డీకి, 7 ఏళ్ల గడువుకు తీసుకుంటే నెలకు సుమారు రూ.13,300 కట్టాలి. అదే రూ.4 లక్షలైతే సుమారు రూ.6,650. కోర్సు సమయంలోనూ ఆ తర్వాత సాధారణంగా ఒక ఏడాది వరకూ వాయిదా వెసులుబాటు ఉంటుంది గాని, ఆ కాలపు వడ్డీ అసలుకు చేరి పై అంకె ఇంకా పెరుగుతుంది. బ్యాంకుల నమూనా పథకం ప్రకారం రూ.4 లక్షల వరకు హామీ అడగరు, రూ.7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు, అది దాటితే నాన్నగారి కొబ్బరితోట కాగితాలు బయటికి తీయవలసి వస్తుంది. పాత ఆదాయపు పన్ను పద్ధతిలో ఉన్నవారికి వడ్డీ మీద 8 ఏళ్ల వరకు మినహాయింపు దొరుకుతుంది. నా లెక్క మోటుది. ఆ కాలేజీలో నిరుడు బయటికి వచ్చినవారి మధ్యస్థ జీతం (అందరి జీతాలనూ వరుసలో పెడితే సరిగ్గా నడుమ ఉండేది) ఎంతో కనుక్కోండి, సగటు అడగవద్దు, ఒక్కరికి దుబాయ్ ఉద్యోగం వస్తే సగటు పైకి లేచిపోతుంది. ఆ మధ్యస్థ జీతంలో నెల వాయిదా నాలుగో వంతు దాటితే ఆ కాలేజీని పక్కన పెట్టండి.

ఇంటర్న్‌షిప్ గురించి

నా సొంత ఇంటర్న్‌షిప్ ఒక పెద్ద పట్టణంలోని పేరున్న ఆసుపత్రిలో జరిగింది. మొదటి ఆరు వారాలు ఓపీ కౌంటరు పక్కన నిలబడి టోకెన్ చీటీలు చింపి ఇచ్చాను. పేషెంట్లు నన్ను అటెండరు అనుకుని వీల్‌చైర్ తెమ్మనేవారు, తెచ్చేవాడిని. కాలేజీ నుంచి మాస్టారు ఒక్కసారి వచ్చి, హాజరు పట్టీ మీద సంతకం పెట్టి, క్యాంటీన్‌లో టీ తాగి వెళ్లారు. ఏడో వారంలో మెడికల్ రికార్డ్స్ విభాగంలో ఒకరు సెలవు మీద వెళ్లడంతో నన్ను అక్కడికి పంపారు. అక్కడ నాలుగు వేల కేస్ షీట్లు దుమ్ములో కట్టలు కట్టి ఉన్నాయి. వాటిని సర్దుతూ, ఏ వార్డు సమ్మరీలు ఎందుకు ఆలస్యమవుతున్నాయో ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. రెండేళ్ల చదువులో నాకు ఉద్యోగం తెచ్చిపెట్టినది ఆ నోటు పుస్తకమే. సెలవు పెట్టిన ఆ మనిషి పుణ్యాన నేర్చుకున్నానే తప్ప కాలేజీ ఏర్పాటు వల్ల కాదు, అందుకే ఎవరు అడిగినా కాలేజీ భవనం కంటే ముందు ఇంటర్న్‌షిప్ గురించి తెలుసుకోమంటాను.

కాలేజీ ప్రాస్పెక్టస్‌లో ఇది దొరకదు. ఆ కాలేజీలో నిరుడు చదువు ముగించిన ఒకరి ఫోన్ నంబరు సంపాదించి, సాయంత్రం తీరిక వేళ మాట్లాడండి. ఇంటర్న్‌షిప్ ఎన్ని నెలలు, ఏ ఆసుపత్రి, ఎన్ని విభాగాలు తిప్పారు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు లాగిన్ ఇచ్చారా లేక పక్కన కూర్చోబెట్టి చూడమన్నారా, ఎన్‌ఏబీహెచ్ తనిఖీ రోజు లోపల ఉండనిచ్చారా అని అడగండి. చివరగా, ఆ ఆసుపత్రిలో పేషెంటుకు ఇంటికి వెళ్లవచ్చని చెప్పినప్పటి నుంచి గేటు దాటేవరకు ఎంతసేపు పట్టేదని అడగండి. "నాలుగు గంటలు పట్టేదండీ, టీపీఏ కేసులైతే ఆరు" అని తడుముకోకుండా చెప్పినవారు నిజంగా లోపల పనిచేశారు, ఆ కాలేజీకి దరఖాస్తు పెట్టవచ్చు. "క్యాంపస్ చాలా బాగుంటుందండీ" అన్నవారికి థ్యాంక్స్ చెప్పి, జాబితాలో రెండో కాలేజీ తాలూకు నంబరుకు ఫోన్ చేయండి.